ఒంటి తుమ్ము

సొంత ఇంట్లో, సొంత తలుపు వెనక, ముక్కు రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని దొంగలా నిలబడ్డ ఆడమనిషిని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారా అని చంద్రావతి కాసేపు ఆలోచించింది. చూసేవాళ్ళెవరూ లేరు గనక ఆ ఆలోచన మానేసింది. భోజనాల వేళ దాటాక కువైట్‌లో ఈ ఫింటాస్ పేట మొత్తం నిద్రపోతుంది. సముద్రం కూడా ఒక పక్కకి ఒత్తిగిలి పడుకున్నట్టే ఉంటుంది. మొగుడు వెంకటసత్యనారాయణ మిర్కాబ్‌లోని ఆఫీసు నించి వచ్చి, ముద్దపప్పూ ఆవకాయా తిని, లోపలి గదిలో ఏసీ కింద వాలిపోయాడు. ఏసీ శ్రుతి అందుకుంటే ఆయన గురక తాళం వేస్తోంది. తలుపుకున్న చిన్న గాజు కన్నులోంచి చూస్తే కారిడార్ అంతా గుండ్రంగా వంగిపోయి, చేప కడుపులో కూర్చుని లోకాన్ని చూస్తున్నట్టుంది. ఎదురుగా మేయరు గారి తలుపు. తలుపు పక్కన రెండు పెట్టెలు. పెట్టెల మీద ఆయన నల్ల టోపీ, ఎవరో అట్టు తిరగేసి పెట్టినట్టు. నాలుగింటికి కారొస్తుంది. కారొచ్చి, మేయరు గారు లిఫ్టులో దిగి, విమానాశ్రయం దారి పట్టేదాకా చంద్రావతి బయటికి రాకూడదు, కనపడకూడదు, ముఖ్యంగా తుమ్మకూడదు. పొద్దున్నే మేయరు గారి కూతురు నూరియా వచ్చి చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. "కోపం తెచ్చుకోకు చంద్రా, ఈ ఒక్కరోజు నువ్వు లేనట్టే ఉండు. ఇవాళ కూడా నాన్న ఆగిపోతే ఇంక ఈ జన్మలో వెళ్ళడు." లేనట్టే ఉండడం అంత కష్టమేం కాదు, కువైట్‌కి వచ్చినప్పటి నించీ చేస్తున్న పని అదే కదా అనుకుని సరేనంది.

తప్పు పోయిన మంగళవారానిది. మంగళవారం ప్రయాణమేమిటండీ అని తను ముందే అంది, విమానాల వాళ్ళకి వారవర్జ్యాలు లేవన్నారు. పోనీ ముత్తయిదువ ఎదురొస్తే దోషం పోతుందని, తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పట్టుకుని, మేయరు గారు గుమ్మం దిగే క్షణానికి సరిగ్గా ఎదురెళ్ళింది. నాలుగడుగులు వేసిందో లేదో ముక్కులోంచి మెదడు దాకా ఏదో మంట పాకి, చెంబులో నీళ్ళు ఒలికేంత గట్టిగా తుమ్మింది. ఒక్కటే తుమ్ము. రెండోది వస్తే బాగుండేది, జంట తుమ్ము శుభం. కానీ రెండోది గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. పుట్టినప్పటి నించీ నోటికి పట్టిన అలవాటు, ఆపేలోపే బయటపడింది: "ఒక్క క్షణం కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరండి." ఆయన ఎంత బుద్ధిగా కూర్చున్నాడని! చంద్రావతి వాళ్ళ ముందుగదిలోకొచ్చి పెద్ద కుర్చీలో కూర్చుని, చెంబెడు నీళ్ళూ గుక్క తిప్పుకోకుండా తాగి, ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుని, ఇంక లేవలేదు. "శకునం బాగాలేదు" అని కూతురితో వాళ్ళ కాతలాన్ భాషలో అన్నాడట. విమానం ఆయన లేకుండానే ఎగిరింది. నూరియా ఏడ్చింది. వెంకటసత్యనారాయణ మటుకు రాత్రి అన్నం కలుపుకుంటూ, "యూరప్ చరిత్రలో కోనసీమ తుమ్ము చోటు సంపాదించిందోయ్" అన్నాడు.

యూరప్ చరిత్ర. అమలాపురం కాలేజీలో బి.ఏ. చదివేటప్పుడు స్పెయిన్ అంతర్యుద్ధం ఒకే ఒక్క పేరా. దాని పక్కన పెన్సిల్‌తో 'ముఖ్యం కాదు' అని తనే రాసుకుంది. ముఖ్యం కాని ఆ పేరా టోపీ పెట్టుకుని ఎదురింట్లో దిగుతుందని ఎవరికి తెలుసు? పేరు ఫెర్రాన్. ఊరు వల్‌సెరా, కొండల మధ్య ఏటి ఒడ్డున, నూలు మిల్లులూ చింపిరి కొబ్బరితోటంత బజారూ ఉన్న చిన్న ఊరు. కొబ్బరితోట పోలిక చంద్రావతిది, ఆయన కొబ్బరిచెట్టు కువైట్ బజారులో కాయ రూపంలో తప్ప చూడలేదు. ముప్పై అయిదేళ్ళు నిండకుండానే ఆ ఊరికి మేయరయ్యాడు. మిల్లు కూలీల పిల్లలకి బడి కట్టించాడు, ఆ బడిలో వాళ్ళ భాషలో పాఠాలు చెప్పించాడు. తర్వాత యుద్ధం. మూడేళ్ళు కొట్టుకున్నాక ఆయన పక్షం ఓడిపోయింది. నడిచి కొండలు దాటి ఫ్రాన్సులో పడ్డాడు, అక్కడ ద్రాక్ష కోశాడు, రేడియోలు బాగుచేశాడు, పెళ్ళి చేసుకున్నాడు, కూతుర్ని కన్నాడు, పెళ్ళాన్ని పాతిపెట్టాడు. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ఫ్రెంచి ఇంజినీరు అల్లుడై కువైట్ తీసుకొచ్చాడు. గెలిచి గద్దెనెక్కి, వాళ్ళ భాషని వీధిలో వినపడనివ్వని నియంత పోయి మూడేళ్ళు దాటింది. ఇప్పుడు నలభై ఏళ్ళ తర్వాత అక్కడి ఊళ్ళకి మొదటిసారి ఎన్నికలు. వల్‌సెరా వాళ్ళు ఫోను చేశారు. ఒకరు కాదు, ఊరంతా వరసలో నిలబడి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. నువ్వే రావాలి, జాబితాలో మొదటి పేరు నీదే. ఫోను పెట్టేశాక మేయరు గారు మెల్లిగా అన్నమాట ఒక్కటే: "చంద్రా, వాళ్ళు గొంతు తగ్గించకుండా మన భాషలో మాట్లాడారు." మన భాష అన్నాడు. ఇంగ్లీషులో అన్నాడు. అయినా చంద్రావతికి ఒళ్ళు జలదరించింది. ఒక మనిషి అన్నం మానేసి ప్రాణం వదిలితే మా రాష్ట్రం పుట్టిందని తను చెప్పిన రోజు, ఆయన తింటున్న జంతిక పళ్ళెంలో పెట్టి, లేచి, టోపీ తీసి నిలబడ్డాడు. చేతికి అంటిన నూనెని ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాడు పాపం.

గొంతులో గరగర. ముక్కు వదిలి గుటక వేసింది. బయట కిటికీ అద్దాల మీద దుమ్ము సన్నగా గీరుతోంది. ఇసుక. ఆయన ఇసుక మీద అడుగు పెట్టడు. రోజూ సాయంత్రం సముద్రం దాకా వెళ్ళి, రోడ్డు అంచున ఆగిపోతాడు, ఎదురుగా గీత గీసినట్టు. పాదాలకి పడదేమో, వాతమేమో అనుకుంది ముందు. కొండలు దాటి వచ్చినవాళ్ళందర్నీ ఫ్రెంచివాళ్ళు చలికాలంలో సముద్రపు ఒడ్డున, పైన కప్పు లేకుండా, చుట్టూ ముళ్ళతీగ కట్టి ఉంచారట. ఇసుకలో గొయ్యి తీసుకుని పడుకునేవాళ్ళట. అలాంటి మనిషి చివరికి ఇసుక తప్ప మరోటి లేని దేశానికొచ్చి పడ్డాడు, దేవుడికి వేళాకోళం ఎక్కువ. పక్కపక్కనే ఉన్న రెండు బాల్కనీల్లో, బట్టలు ఆరేసే తీగ పక్కన రేడియో కోసం ఒక రాగి తీగ కట్టాడు ఆయన, ఆ చివర నించి ఈ చివరకి, రెండిళ్ళకీ కలిపి. దాని పుణ్యాన సాయంత్రాలు తన ట్రాన్సిస్టర్‌లో సిలోన్ తెలుగు పాటలు చెవిలో గుసగుసలాడినట్టు వస్తాయి. ఆ తర్వాత అదే తీగ మీద ఆయన వార్తలు. ఈ మధ్య వార్తలనిండా సముద్రం అవతల ఒడ్డున రాజు గద్దె వదిలి పారిపోయిన గొడవే. "పారిపోయేటప్పుడు రాజు పెట్టెదీ, మేయరు పెట్టెదీ ఒకే సైజు చంద్రా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తడి చీరలు ఊగుతుంటే ఆయన మొహం కనపడుతూ, పోతూ. ఇవాళ్టి నించి ఆ తీగ ఎవరు చూస్తారు? దుమ్ము పట్టి, తుప్పు పట్టి, ఒకరోజు ఎవరో లుంగీ ఆరేస్తారు దాని మీద. ఎవరో ఎందుకు, మా ఆయనే.

లిఫ్టు చప్పుడైంది. గాజు కన్నులోకి అన్వర్ బాషా వచ్చాడు, తల పెద్దదీ కాళ్ళు చిన్నవీ అయి. అల్లుడి కంపెనీ కారు డ్రైవరు. పెట్టెలు ఎత్తబోతూ ఆగి, చంద్రావతి తలుపు వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "చంద్రక్కా! ఆడనే ఉండావని తెలుసులే. నీకు పుణ్యముంటాది, తుమ్మగాకు తల్లీ. పోయిన మంగళారం ఉత్త కారు తోలుకోని తిరుక్కుంటి. ఇయ్యాల ఎయిర్‌పోర్టుకు పోకముందే మా ఇంజినీరు సారు 'ఏం అన్వర్, దారిలో యాడన్నా పారేసినావా మా మామను' అంటాండాడు."

"నేను లేను" అంది చంద్రావతి తలుపు ఇవతల నించి.

"లేకుంటేనే మేలు" అని పెట్టెలు ఎత్తుకుపోయాడు. టోపీ మటుకు తీసి ఎదురింటి తలుపు పిడికి తగిలించి పోయాడు. నూరియా చేతిసంచీతో బయటికొచ్చి, తండ్రికి ఏదో చెప్పి, బొటనవేలు ఎత్తి చంద్రావతి తలుపుకి చూపించి, తనూ లిఫ్టు ఎక్కింది. తలుపు తెరిచే ఉంది. లోపల మేయరు గారు ఉన్నాడు. రాలేదు.

గరగర ఎక్కువైంది. దగ్గో తుమ్మో తెలియని ఘడియలో నీళ్ళు తాగితే మంచిదని చంద్రావతి చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళింది. కూజా పక్కన, వెనక పొయ్యి మీద ఇనప మూకుడు. మంగళవారం కందిపొడికి వేయించాక మళ్ళీ దాని మొహం చూడలేదు. జరిగిందంతా ఆ మిరపకాయల ఘాటు వల్లేనని దాని మీద అలిగింది. అలక మాని కడుగుదామని చేతిలోకి తీసుకుంది. అడుగున ఒక మిరపకాయ, బొగ్గులా మాడి అంటుకుని. గోటితో తీసింది. తొడిమ ఉంది. చంద్రావతి నీళ్ళ సంగతి మర్చిపోయింది. మిరపకాయలు తొడిమ తీసి వేయిస్తుంది తను, వాళ్ళమ్మా అంతే, అమ్మమ్మా అంతే. పైగా మంగళవారం వేయించడం అయిపోయి, పొయ్యి కట్టేసి, పొడి కూడా కొట్టేశాకే చీర కట్టుకుంది. చీర కట్టుకుంటూ ఉండగా మేయరు గారు చెప్పి వెళ్దామని వచ్చి, మజ్జిగ అడిగి, తనే వంటింట్లోకి వెళ్ళి పోసుకున్నాడు. పొగ లాగే ఫ్యాను ఆగిపోయి ఉంటే కరెంటు పోయిందనుకుంది ఆ రోజు. రేడియోలు బాగుచేసే మనిషి, గోడ మీద స్విచ్చి కనిపిస్తే చెయ్యి ఆగదు. ఆయన మళ్ళీ వెలిగించిన పొయ్యి, కాలే మూకుడు, వంటింటి తలుపు బార్లా, ఆగిన ఫ్యాను, తొడిమ కూడా తియ్యకుండా వేసిన మిరపకాయ. ఓరి భగవంతుడా! శకునాలన్నీ నేర్పింది తనే. దిష్టి తీసి మిరపకాయలు నిప్పులో వేస్తే ఘాటు ఎంత దూరం పోతుందో, ఎవరు ఎలా తుమ్ముతారో అభినయించి మరీ చూపించింది. "ఇది మీ పార్టీ ప్రణాళికా?" అని అడిగేవాడు. "అవునండీ, ఎప్పుడూ ఓడిపోని పార్టీ" అనేది తను. పిల్లి, నూనె కుండ, కట్టెల మోపు. పరీక్షకి చదివే పిల్లాడిలా ఒక్కోటీ అడిగేవాడు. విధవ ఎదురైతే అని చెప్పిన రోజు మటుకు ప్రశ్నలు ఆపి సముద్రం వైపు తిరిగాడు. అప్పుడు చెప్పాడు గోపురం సంగతి.

వాళ్ళ ఊళ్ళో పండగ రోజున మనుషులే గోపురం కడతారట. కింద బలమైనవాళ్ళు గుంపుగా ఒకళ్ళనొకళ్ళు బిగించి పట్టుకుని నిలబడతారు, వాళ్ళ భుజాల మీద కొందరు, వాళ్ళ భుజాల మీద ఇంకొందరు, చిట్టచివర ఒక బుడ్డాడు ఎక్కి చెయ్యెత్తుతాడు. చూసేవాళ్ళు చేతినే చూస్తారు. కింద ఉన్నవాడి మొహం ఎవరికీ కనపడదు, అతని మెడ మీద ఊరంతా ఉంటుంది. మా ఊళ్ళో ఉట్టి కొట్టడం లాంటిదే అంది తను. కాదు అన్నాడు. ఓడిపోతున్నామని తెలిసిన ఉదయం ఆయన మేడ మీద నించుని ఊరికి చెప్పాడు, నేనెక్కడికీ పోను, మీరూ పోకండి అని. సాయంత్రానికి కొండదారిలో ఉన్నాడు. ఆయన మాట నమ్మి ఉండిపోయినవాడు మందుల దుకాణం జోయాన్, ఆయనకి కుడిభుజం. కొత్తగా వచ్చినవాళ్ళు మేయరు ఏడీ అన్నారు, మేయరు లేకపోతే జోయాన్‌ని తీసుకుపోయారు. తిరిగి రాలేదు. "పైన చెయ్యెత్తినవాడు ముందు దూకేశాడు చంద్రా. గోపురం కిందివాడి మీద పడింది." జోయాన్ భార్య మెర్సే ఇంకా ఉందట. ఇల్లు రైల్వే స్టేషను పక్కనే. ఊళ్ళోకి వచ్చే ఎవరైనా ఆ గుమ్మం ముందు నించే పోవాలి. ఫోనులో ఊరంతా మాట్లాడింది, ఆవిడ మాట్లాడలేదు.

చంద్రావతి మాడిన మిరపకాయ గుప్పిట్లో పెట్టుకుని మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చింది. గాజు కన్నులో కారిడార్ వంకరగా, ఖాళీగా. చెప్పెయ్యచ్చు. చెప్పకపోయినా ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆయన ఇంకో ఎత్తు వేస్తాడు, ఆయాసమంటాడు, కాలు బెణికిందంటాడు, ఉండిపోతాడు. రాగి తీగ ఉంటుంది. పప్పుచారులో ఏం వేశావని అడిగే మనిషి ఉంటాడు. ఆ మాట ఈ దేశంలో ఇంకెవరూ అడగలేదు, పప్పుచారు తాగేవాడితో సహా. తలుపు కింద సందులోంచి దుమ్ముగాలి పాదాలకి తగిలింది. వంగి చూసుకుంటే తన కాలివేళ్ళు ఆ సందు దాకా ఉన్నాయి, మెట్టెలతో సహా. బుల్లెమ్మత్త. నాన్న అక్క. పదహారేళ్ళకే బొట్టు పోయి, పుట్టింటి వంటింట్లో బతికిన మనిషి. ఎవరు ఊరెళ్ళినా, ఎవరు పరీక్షకెళ్ళినా, ఎదురు రాకూడదని వంటింటి తలుపు వెనక నిలబడేది. తలుపు కింద సందులో ఆవిడ కాలివేళ్ళు కనిపించేవి, మెట్టెలు లేకుండా, పసుపు లేకుండా, కదలకుండా. చంద్రావతి కువైట్ బయల్దేరిన రోజూ అలాగే. అందరి కాళ్ళకీ దణ్ణం పెట్టింది. ఆ కాళ్ళకి పెట్టలేదు, తలుపు అడ్డం. తర్వాత ఏడాదికే ఆవిడ పోయింది. ఇన్నాళ్ళూ ఆ శకునాల పద్దు మొత్తం నవ్వుతూ అప్పజెప్పింది కదా తను, అందులో బుల్లెమ్మత్తని కూడా కలిపి, పిల్లి పక్కన, నూనె కుండ పక్కన.

కింద నించి కారు హారను, మర్యాదగా ఒకసారి. మేయరు గారు గుమ్మంలోకి వచ్చాడు. పిడికి తగిలించిన టోపీ తీసుకున్నాడు, పెట్టుకోలేదు. లిఫ్టు వైపు చూశాడు. దాని వైపు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, చంద్రావతి తలుపు ముందు నిలబడ్డాడు. గాజు కన్నునిండా ఆయన ముక్కే.

"మీ కాళ్ళు కనిపిస్తున్నాయి" అన్నాడు.

తలుపు తీసింది. ఆయన ఆమె భుజం మీదుగా వంటింటి వైపు గాలి పీల్చాడు, ఆశగా. "ఇవాళ శకునం ఎలా ఉంది?"

చంద్రావతి గుప్పిట తెరిచింది. అరచేతిలో నల్లటి మిరపకాయ. "మేం తొడిమ తీసి వేయిస్తామండీ, మేయరు గారూ."

ఆయన దాన్ని వంగి చూశాడు. చెవుల అంచులు ఎర్రబడ్డాయి, దొంగతనంగా జామకాయ కోసి దొరికిపోయిన కుర్రాడికి లాగా. తర్వాత ఆ ముసలి భుజాలు కుదుపుతో కదిలాయి, నవ్వనుకుంది, సగం దాకా నవ్వే. "రాజకీయాల్లో ఇంతే," అన్నాడు, "చిన్న చిన్న వివరాల దగ్గర దొరికిపోతాం." టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. "మెర్సే ఎదురైతే?"

"ఎదురు రాదు. తలుపు వెనక నిలబడి ఉంటుంది. అలా నిలబడేవాళ్ళు నాకు తెలుసు, ఒకావిడ మా ఇంట్లోనే ఉండేది. నేను ఆ తలుపు తియ్యలేదు." తలుపు ఇంకాస్త బార్లా తీసింది. "నేను చెప్పిన శకునాల్లో అదొక్కటీ అబద్ధం, కొట్టెయ్యండి. మీరు రైలు దిగగానే వేరే ఎక్కడికీ వెళ్ళకండి. ఆవిడ తలుపు కొట్టండి. తిడితే తిట్టించుకోండి. నలభై ఏళ్ళ తిట్లు, కాస్త టైము పడుతుంది. ఎన్నికలు తర్వాత."

"తియ్యకపోతే?"

"కింద సందులో కాళ్ళు కనపడతాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడండి."

హారను ఈసారి రెండుసార్లు, మర్యాద తగ్గి. మేయరు గారు టోపీ పెట్టుకున్నాడు. అడుగు మటుకు పడలేదు. చంద్రావతికి అర్థమైంది. ఎంత దేవుణ్ణి నమ్మని మనిషైనా మంగళవారం కూర్చోబెట్టిన చోట నించి లేవాలంటే లెక్క పూర్తవాలి. "ఉండండి" అని వంటింట్లోకి పరుగెత్తి, కారం డబ్బా మూత తీసి, చిటికెడు పట్టుకొచ్చి, ఆయన కళ్ళెదుటే ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఆ తుమ్ముకి కారిడార్ మోగింది. మెట్లగది మోగింది. లోపలి గదిలో గురక ఠక్కున ఆగి, "చిరంజీవ!" అని వెంకటసత్యనారాయణ నిద్రలోనే దీవించి, మళ్ళీ తాళం అందుకున్నాడు.

"రెండోది" అంది చంద్రావతి, కళ్ళు తుడుచుకుంటూ. "మంగళవారం దానికి జోడీ. ఇంక శుభం. యల్లా, నడవండి."

ఆయన టోపీ ఎత్తి, తన భాషలో ఏదో అన్నాడు. దీవెనో, ధన్యవాదమో, తిట్టో, ఆమె అడగలేదు. చెయ్యి చాచి ఆ నల్లటి మిరపకాయ తీసుకుని కోటు పైజేబులో పెట్టుకున్నాడు, తొడిమ పైకి కనపడేలా. లిఫ్టు తలుపు మూసుకుంది.

చంద్రావతి బాల్కనీలోకి వెళ్ళింది. దుమ్ములో ఎండ పసుపు నీళ్ళలా ఉంది. కింద అన్వర్ బాషా కారు తలుపు తీసి పట్టుకుని, ఎక్కిన మనిషి నిజంగా ఎక్కాడా అని వంగి చూసి, "ఎక్కినాడక్కోయ్!" అని పైకి అరిచాడు. కారు కదిలింది. సరిగ్గా అప్పుడే ముక్కులో మళ్ళీ మొదలైంది, ఆ కారం ఊరికే పోతుందా, మూడోది. మూడు కూడదు. జంట విరిగిపోతుంది. చంద్రావతి రెండు చేతులతో ముక్కు మూసుకుని, రాగి తీగకి ఆనుకుని నిలబడింది. కారు సముద్రపు రోడ్డెక్కింది, చిన్నదైంది, ఇసుక రంగులో కలిసింది. ఆమె చెయ్యి తియ్యలేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మొగుడు లేచి వచ్చి ఎందుకేడుస్తున్నావే అని అడిగితే, తుమ్ము ఆపుకుంటున్నానండీ అని చెప్పొచ్చు.